రంగు పోయిన నీళ్ళు

జనవరి 9

అత్తా,

ఈ ఉదయం మంచినీళ్ళ గాజు జగ్గు కడుగుతుంటే లోపల, నీళ్ళు నిలిచే మట్టం దగ్గర సన్నటి గీత కనిపించింది. బూడిద రంగు. బొటనవేలితో రుద్దితే సగం పోయింది. మిగతా సగం అలాగే వదిలేసి ల్యాబుకు వచ్చాను.

హాస్టల్ గది బాగుంది. కిటికీ పక్కనే నా బల్ల. నాతో ఉండే అమ్మాయి మాటకారి. నా వంతు కూడా ఆమే మాట్లాడేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు.

"అక్కడ నువ్వు చేసే పనేమిటే?" అని ఫోన్లో అడిగావు. చెప్పలేకపోయాను. రాస్తే చెప్పగలను. గాలి చొరని ఒక పెట్టె. అందులో అద్దకం నీళ్ళు, బురద. బురదలో కంటికి కనిపించని జీవులు ఉంటాయి. నీళ్ళలో మిగిలిన గంజి తిని బతుకుతాయి. తిన్నాక తమ దగ్గర మిగిలే కాస్త కరెంటును పక్కనే వేలాడదీసిన కార్బన్ గుడ్డకు అప్పజెబుతాయి. గుడ్డకు తీగ కడితే మీటరు ముల్లు కదులుతుంది. ఈ తినే పనిలోనే రంగు కూడా విరిగిపోతుంది. ఇంతే.

ఇక్కడ అందరూ సీసాల్లో కొన్న రంగును మంచినీళ్ళలో కలిపి పరీక్షిస్తారు. మొన్న మీటింగులో ప్రొఫెసరు గారు, "నిజం అద్దకం నీళ్ళు ఎవరి దగ్గరైనా దొరుకుతాయా?" అన్నారు. "మా అత్త దగ్గర ఉన్నాయి" అన్నాను. ఇక్కడికి వచ్చాక నలుగురికీ వినపడేలా నేను అన్న మొదటి మాట అది.

నీ అద్దకం షెడ్డు వెనక తూములోంచి రెండు క్యాన్ల నీళ్ళు, అడుగున ఉండే బురద ఒక డబ్బా పంపగలవా?

నీ గువ్వ


జనవరి 18

గువ్వా,

కాగితం మీద కుడి పక్కన ఉన్న నీలం వేలిముద్ర నాదే. నీ ఉత్తరం వచ్చిన సంగతి తెలిసి చేతులు తుడుచుకునే ఓపిక లేక అలాగే విప్పాను, అలాగే జవాబు రాస్తున్నాను.

ఫోన్లో నీ ఊపిరి తప్ప నాకేమీ వినపడదు. కాబట్టి ఉత్తరాలే నయం. అయినా ఏం ఉత్తరాలే ఇవి! చదవడం మొదలుపెట్టేలోపే సంతకం వచ్చేస్తుంది. ఆ కాన్వెంటు సిస్టర్లు నీ చేతికి కలం ఇచ్చి నోటికి తాళం వేసి పంపారు. "రెండు వాక్యాల్లో అయ్యేదాన్ని మూడు చేయకు" అని నేర్పిన సిస్టర్ కనబడితే ఒకటే అడుగుతాను. ఆవిడ ఇంటికి ఉత్తరం రాస్తే వాళ్ళమ్మ ఏం చదువుకునేది పాపం?

సరే, ఇక్కడి సంగతి. నీకు చెప్పకూడదనుకున్నా, చెప్పక తప్పదు. కాలుష్యం ఆఫీసరు వచ్చి షెడ్డు తలుపుకి నోటీసు అంటించి పోయాడు. కాలువ కింద కూరగాయల తోటల వాళ్ళు అర్జీ పెట్టుకున్నారట, పాదులు మాడిపోతున్నాయని. ఏప్రిల్ నెలాఖరు తర్వాత మన తూములోంచి రంగు నీళ్ళు వస్తే షెడ్డుకు సీలు వేస్తారు. నూలు చిలపల కట్టలు ముంచి తీసే ఆడవాళ్ళు, పొయ్యిల దగ్గరి వాళ్ళు, అందరూ కలిపి ఇరవై కుటుంబాలు. నా సంగతంటావా, పదిహేడో ఏట ఈ తొట్ల దగ్గర నిలబడ్డాను. ఇంకో పని నాకు రాదు. నేర్చుకునే వయసూ కాదు.

అందుకే నీ పెట్టె మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. నీ పురుగులు రంగు తింటాయి, పైగా కరెంటు ఇస్తాయి అంటున్నావు. మన మోటారు లాగుతాయా? ఐదు హార్స్‌పవర్ది. మన రంగుల మేస్త్రి, చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడే, అంతా విని, "మరి అక్కా, బిల్లు పురుగుల పేరు మీద వస్తుందా, నీ పేరు మీదా?" అంటాడు.

నువ్వు అడిగినవి లారీలో పంపిస్తున్నాను. చదువుకున్నవాళ్ళ ముందు పెట్టే వస్తువు ఎలా పంపాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నీకు మాట రానివ్వను.

జగ్గులో ఉప్పేసి తోము. సగం కడిగి వదిలేయడం నీకు ఎవరు నేర్పారే?

అత్త


ఫిబ్రవరి 6

అత్తా,

ఉప్పుతో గీత పోయింది.

క్యాన్లు, డబ్బా అందాయి. క్యాన్ల మీద నా పేరు మన ఎర్ర రంగుతో రాశావు. చాలాసేపు చూశాను.

మూడు పెట్టెలు కట్టాను. మొదట ముల్లు కాస్త లేచింది. తర్వాత పడిపోయింది. మళ్ళీ లేవలేదు. నీళ్ళ రంగు మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పక్క బల్ల మీద సీసా రంగుతో నడిచే పెట్టెలు మాత్రం చక్కగా ఉన్నాయి. విప్పి మళ్ళీ కట్టాను. మళ్ళీ అంతే.

ప్రొఫెసరు గారు కోప్పడలేదు. "నిజం నీళ్ళు మొండివి. ఈ నెల దాటితే నువ్వూ సీసా రంగే తీసుకో" అన్నారు. తీసుకుంటే నా పని గట్టెక్కుతుంది. నీ తూముకు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

మోటారు సంగతి. పెట్టెలన్నీ బాగా నడిచినా చిన్న బల్బు వెలగడం కూడా కష్టం. మేస్త్రి బాబాయికి చెప్పు, బిల్లు నీ పేరు మీదే వస్తుంది.

లోపం నా చేతిలోనే ఉందనుకుంటున్నాను. ఇంకొకరికి ఇచ్చి ఉంటే బాగుండేది.

గువ్వ


ఫిబ్రవరి 14

పిచ్చితల్లీ,

నీ చేతిలో లోపమా! నాలుగో క్లాసులో తెల్ల యూనిఫాం మీద సిరా ఒలకబోసుకుని, నా షెడ్డుకు వచ్చి, ఎవరికీ చెప్పకుండా నువ్వే ఆ మరక తీసుకున్న చేయి అది. ఇంకోసారి ఆ మాట రాస్తే లారీ ఎక్కి వచ్చి నాలుగు తగిలిస్తాను.

ఒకవేళ మన సరుకులో తేడా ఉందేమోనని నీకు లోలోపల అనుమానం ఉంటే అదీ తుడిచేసుకో. ఎంత శ్రద్ధగా పంపానో విను. నీళ్ళు పెద్ద బానలో పోసి కదపకుండా తేర్చాను. పైతేట వంచి నాలుగు మడతల గుడ్డలో వడకట్టాను. అయినా వాసన పోదే! అంతమంది పెద్దల మధ్య నువ్వు మూత తీస్తే మన ఇంటి పరువేం కావాలి? బ్లీచింగ్ పౌడరు రెండు గుప్పిళ్ళు వేసి కలిపించాను. వాసన మాయం. రంగు కూడా కాస్త వెలిసి చూడముచ్చటగా తయారైంది. ఇక ఆ బురద. మూడు నీళ్ళు పోసి కడిగి, గోనెపట్టా మీద ఎండబెట్టి, మెత్తగా పొడి కొట్టించి డబ్బాకెత్తాను. మేస్త్రి చూసి, "అక్కా, దీన్ని మొహానికి రాసుకోవచ్చు" అన్నాడు.

కాబట్టి నీళ్ళకు వంక పెట్టడానికి లేదు. నీ పెట్టెలు ఒకసారి బాగా కడుక్కుని చూడు. బ్లీచింగ్ కావాలంటే చెప్పు, పంపుతాను.

తిండి మానకు. దిగులు పడకు. దిగులంతా నాకు వదిలెయ్యి, నాకు అలవాటే.

అత్త


ఫిబ్రవరి 20

అత్తా,

నీ ఉత్తరం ల్యాబులో నిలబడి చదివాను. గోనెపట్టా దగ్గరికి వచ్చేసరికి నవ్వాను. పైకే. అందరూ పని ఆపి చూశారు. ప్రొఫెసరు గారు గదిలోంచి బయటికి వచ్చి, "ఎవరు నవ్వింది?" అన్నారు. నేనంటే నమ్మలేదు.

బ్లీచింగ్ ఎందుకు వేస్తారో నీకు తెలుసు. బతికి ఉన్నవాటిని చంపడానికి. నేను ఇక్కడ బతికించాలని చూస్తున్నవి నీ బానలోనే చచ్చిపోయాయి. బురదలో ఉన్నవి ఎండకు పోయాయి. వాటికి గాలి, ఎండ పడవు. నెల రోజులుగా నేను మొహానికి రాసుకునే పొడికి కరెంటు తీగలు తగిలించి కూర్చున్నాను.

నా చేతిలో లోపం లేదన్నావు. నిజంగానే లేదు.

మళ్ళీ పంపు. తేర్చకు. వడకట్టకు. కడగకు. తూములో ఎలా ఉంటే అలా. బురద నల్లగా, జిగటగా, కంపు కొడుతూ ఉండాలి. డబ్బా అంచు దాకా నింపి గాలి మిగలకుండా మూత బిగించు. పరువు సంగతి నేను చూసుకుంటాను.

గువ్వ


మార్చి 2

గువ్వా,

ఎవరికైనా కంపు మూటగట్టి పంపడం నా జన్మలో ఇదే మొదలు. మంచి చేయబోయి నీ పని చెడగొట్టాను. ఆ సిగ్గుతో రెండు రోజులు మేస్త్రి వైపు చూడలేదు. వాడు మాత్రం ఊరుకుంటాడా? డబ్బా నింపుతూ, "ఇంకాస్త కుళ్ళింది కావాలేమో చూడక్కా, పిల్ల అడిగిందిగా" అని ఒకటే సాధింపు.

లారీ డ్రైవరు డబ్బాను తన పక్కన పెట్టుకోనన్నాడు. వెనక కట్టినా వాసన ముందుకే వచ్చిందట. దారి పొడుగునా ఏటి గట్టు వెంటే కదా రోడ్డు, కిటికీలన్నీ బార్లా తెరిచి గాలికి తోలానని ఫోన్లో మొత్తుకున్నాడు.

ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. మంచివాడే, మర్యాదగా మాట్లాడతాడు. మర్యాదగానే తేదీ గుర్తు చేసి వెళ్ళాడు. పనివాళ్ళు మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ నేను రాగానే ఆపేస్తున్నారు. రోడ్డు అవతలి షెడ్డు వాళ్ళు మేస్త్రిని పిలిచి టీ ఇస్తున్నారట. టీ ఊరికే ఇవ్వరు కదా.

ఈసారి పని జరిగితే జరిగిందని ఒక్క ముక్క రాయి. నీ భాషలోనే రాయి, రెండు వాక్యాలు చాలు.

అత్త


మార్చి 24

అత్తా,

రంగు పోయింది.

మొదట ముదురు ఎరుపు, తర్వాత ఇటుక, తర్వాత ఎండుగడ్డి రంగు. ఈ రోజు గాజు గొట్టం వెనక పుస్తకం పెడితే అక్షరాలు కనిపించాయి. మీటరు ముల్లు లేచి అక్కడే నిలబడింది. చిన్నదే, కానీ నిలబడింది. ప్రొఫెసరు గారు కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర కూర్చున్నారు.

పెట్టె బొమ్మ వేసి పంపుతున్నాను. గాలి చొరకూడదు. బురద అడుగున ఉండాలి. గంజి నీళ్ళు వాటికి తిండి. కార్బన్ లోపల ఒకటి, పైన గాలి తగిలేలా ఒకటి. మధ్య తీగ.

ఇంకొకటి చూడాల్సింది ఉంది. తేలాక రాస్తాను.

గువ్వ


ఏప్రిల్ 14

నా బంగారు గువ్వా,

కూర్చుని చదువు. నిలబడితే పడిపోతావు.

నీ బొమ్మ మేస్త్రికి చూపించాను. వాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది మన పాత నేలతొట్టే కదక్కా" అన్నాడు. షెడ్డు వెనక, మూత పగిలి చెత్త పడేస్తున్నామే, అదే. తాపీ వాళ్ళను పిలిచి గోడలు పూయించాం. కాంక్రీటు పలకలు మూతగా వేసి సందులన్నీ మూయించాం. తూము బురద అడుగున పరిచాం. గంజి తీసిన నీళ్ళు వదిలేవాళ్ళం కదా, వాటినీ అందులోకే మళ్ళించాం. నువ్వు చెప్పిన నల్ల గుడ్డ ఇక్కడ ఎవరికీ తెలియదు. పాడైపోయిన టార్చిలైటు సెల్లులు బస్తాడు తెప్పించి, లోపలి కార్బన్ పుల్లలు తీసి, కట్టలు కట్టి వేలాడదీశాం. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టాడు. ముల్లు కదిలిందే! వెంట్రుకవాసి. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. చిలపలు ఆరేసే ముసలమ్మ తొట్టికి దండం కూడా పెట్టింది.

నిన్న పలక తీసి బాల్చీతో తోడాం. తేట నీళ్ళు! నా ముప్పై ఏళ్ళ పనిలో ఈ షెడ్డు నుంచి ఇలాంటి నీళ్ళు చూడలేదు. నా చెయ్యి ముంచితే నా గోళ్ళలోని నీలం కనిపించింది.

ఆఫీసరు ఇరవై ఎనిమిదిన వస్తున్నాడు. ఆయన ఎదురుగానే తూము తలుపు ఎత్తుతాను. తోటల వాళ్ళకూ కబురు పెట్టాను, వచ్చి చూసుకొమ్మని. ఒక గ్లాసు నిండా పట్టి ఆఫీసరుకు చూపిస్తాను. నమ్మకపోతే ఆయన ముందే గటగటా తాగేస్తాను. మా పిల్ల చేసిన నీళ్ళు, నాకేం భయం!

ఇంకేదో చూడాలన్నావు. నీ చాదస్తం నాకు తెలియదా. యూనిఫాం మీద మరక పోయాక కూడా మూడు రోజులు వెతికినదానివి. తీరిగ్గా చూసుకో.

అత్త


ఏప్రిల్ 19

అత్తా,

తాగకు. తూము తలుపు ఎత్తకు.

నీ ఉత్తరం అందగానే ఫోను చేశాను. "అత్తా, ఆ నీళ్ళు" అన్నాను. "అద్దంలా ఉన్నాయే!" అన్నావు. వెనక మోటారు చప్పుడు. "వినపడట్లేదు, రాయి, రాయి" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎవరూ తీయలేదు. నేను గట్టిగా అరవాల్సింది. నోరు రాలేదు. ఈ ఉత్తరం కొరియర్‌లో ఇస్తున్నాను. రేపు నీ చేతిలో ఉంటుంది. చివరిదాకా చదువు, ఇది పొడుగు ఉత్తరం.

రంగు అంటే రెండు ముక్కలు ఒక ముడితో కలిసి ఉన్నట్టు. ముడి ఉన్నంతసేపే రంగు. బురదలోని జీవులు ముడి విప్పుతాయి. ముక్కల్ని తినవు. ముక్కలకు రంగు లేదు కాబట్టి మనకు కనిపించవు. అంతేగానీ ఎక్కడికీ పోలేదు. కొన్ని రంగుల ముక్కలు రంగుకన్నా చెడ్డవి.

నేను చూడాల్సింది ఉందన్నది ఇదే. మూడు పళ్ళేల్లో దూది పరిచి ఆవాలు చల్లాను. మంచినీళ్ళు పోసిన పళ్ళెంలో అన్నీ మొలిచాయి. నీ తూములోంచి వచ్చిన ఎర్ర నీళ్ళలో సగం మొలిచాయి. నా పెట్టెలోంచి వచ్చిన తేట నీళ్ళలో ఒక్కటీ మొలవలేదు. తప్పేమోనని మళ్ళీ చల్లాను. మళ్ళీ అంతే. అది కూడా అయ్యాకే నీకు రాద్దామనుకున్నాను. ఈలోపు నువ్వు తొట్టి కట్టేశావు.

తోటల వాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఆలోచించు. ఎర్ర నీళ్ళు వస్తే తోటలోకి పారే మడవ కట్టేసుకుంటున్నారు. తేట నీళ్ళు వస్తే మడవ తీస్తారు. రంగు వాళ్ళకు హెచ్చరికలా ఉండేది. నేను దాన్ని తీసేశాను.

దీనికి రెండో తొట్టి కావాలి. అందులో గాలి బుడగలు ఆడాలి. అక్కడ వేరే రకం జీవులు ఉంటాయి, అవి ఈ ముక్కల్ని తింటాయి. పెంచడానికి సమయం పడుతుంది. ఇరవై ఎనిమిదికి కాదు.

ఆఫీసరు తెచ్చే పరికరం రంగును మాత్రమే కొలుస్తుంది. ఆయన చూస్తాడు, సంతకం పెడతాడు. ఆవాల సంగతి ఆయనకు తెలిసే దారి లేదు. అది నాకు తెలుసు. ఇరవై కుటుంబాల సంగతీ తెలుసు. నువ్వేం చేయాలో నేను చెప్పలేను.

గువ్వ


ఏప్రిల్ 30

గువ్వకు,

నేను తాగలేదు. ముందు అది చెబుతున్నాను, ఊపిరి పీల్చుకో. ఇక తిట్లు.

"ఇంకొకటి చూడాలి" అని రాస్తే మనిషికి ఏం అర్థమవుతుందే? "రంగు పోయింది, విషం పోయిందో లేదో తెలియదు" అని రాస్తే నీ కలం అరిగిపోతుందా? ఇటుకలు, పలకలు, చప్పట్లు, కబుర్లు! తోటల వాళ్ళకు నేనే స్వయంగా వెళ్ళి చెప్పొచ్చాను, ఈసారి నీళ్ళు పెట్టుకోండని.

నీ ఉత్తరం మేస్త్రికి చదివి వినిపించాను. వాడు గడ్డం గోక్కుని, "సంతకం కానీ అక్కా. తర్వాత రెండో తొట్టి కడదాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నేను కూడా ఆ రాత్రికి ఆ మాటతోనే సర్దుకుని పడుకున్నాను. అబద్ధం ఎందుకు.

పొద్దున లేచి పళ్ళేల్లో ఆవాలు చల్లాను. నిన్ను నమ్మక కాదు. నా కంటితో చూస్తే తప్ప నా మనసు వినదు. షెడ్డులో బల్ల మీద పెట్టాను. పనిలోకి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు అందరూ చూసేవారు. మంచినీళ్ళ పళ్ళెం పచ్చగా లేచింది. మన పళ్ళెంలో గింజలు గింజల్లాగే ఉండిపోయాయి. దండం పెట్టిన ముసలమ్మ అది చూసి, "మా అల్లుడిది ఆ కింద తోటే" అంది.

ఆఫీసరు వచ్చాడు. గొట్టంలో నీళ్ళు పట్టాడు. పరికరంలో పెట్టాడు. "బ్రహ్మాండం అమ్మా!" అని కలం తీశాడు. నా నోరు ఎండిపోయింది. నువ్వు ఫోన్లో ఎందుకు మాట్లాడలేవో అప్పుడు నాకు తెలిసింది.

"ఆగండి సార్" అన్నాను. "రంగే పోయింది. ఇవి చూడండి" అని పళ్ళేలు ముందుకు జరిపాను.

ఆయన చూశాడు. కలం మూత పెట్టాడు. "నేను సంతకం పెట్టి వెళ్ళాక చెప్పుకోవాల్సిన మాట ఇది. ముందే ఎందుకు చెప్పారు?" అన్నాడు.

"తర్వాతైతే మీరు వినరు కదా" అన్నాను.

నవ్వాడు గానీ సంతకం పెట్టలేదు. తూముకు సీలు వేశాడు. షెడ్డుకు వేయలేదు, అది ఆయన మంచితనం. జూలై నెలాఖరు దాకా గడువు ఇచ్చాడు. తూము మూసేసిన అద్దకం షెడ్డు ఏం చేస్తుంది? తొట్లు కడిగి బోర్లించాం. రోడ్డు అవతలి షెడ్డు వాడు రంగురంగుల నీళ్ళు దర్జాగా వదులుకుంటున్నాడు, వాడి గడువు ఇంకా రాలేదట. మేస్త్రి, ఇంకో ఐదుగురు అక్కడ చేరారు. పొద్దున్నే రోడ్డుకు ఆ పక్కనుంచి తల దించుకుని పోతున్నాడు. "రేయ్, తలెత్తి నడు, లారీ గుద్దుతుంది" అని కేకేశాను. ఏం చేయను.

నీ మీద నా అసలు కోపం ఎందుకో చెప్పనా? ఆ ఆలస్యానికి కాదు. "నువ్వేం చేయాలో నేను చెప్పలేను" అని రాశావే, దానికి. నువ్వు కాకపోతే నాకెవరు చెబుతారు? ఒక్క మాట రాస్తే చాలు కదా, "వద్దు అత్తా" అని. పరాయివాళ్ళకు రాసినట్టు రాశావు.

ఇకమీదట నాకు అరకొర ఉత్తరాలు వద్దు. అన్నీ రాయి. జగ్గులో గీత దగ్గర్నుంచి అన్నీ.

అత్త


మే 8

అత్తా,

అన్నీ రాస్తాను.

మీ ఆఫీసరు పళ్ళేలు చూసిన సంగతి ప్రొఫెసరు గారికి చెప్పాను. ఆయన మీటింగు పెట్టి, "నువ్వే చెప్పు" అన్నారు. లేచి నిలబడ్డాను. చెప్పాను, బ్లీచింగ్ దగ్గర్నుంచి ఆవాల దాకా. గోనెపట్టా దగ్గర అందరూ నవ్వారు. కార్బన్ పుల్లల దగ్గర ఎవరూ నవ్వలేదు. టార్చి సెల్లుల సంగతి ప్రొఫెసరు గారు రాసుకున్నారు.

రెండో పెట్టె పని చేస్తోంది. గాలి బుడగల కింద, గులకరాళ్ళ మీద, గోధుమ రంగు జిగురులా పెరుగుతున్నాయి ఆ రెండో రకం జీవులు. వాటిలోంచి వచ్చిన నీళ్ళలో ఆవాలు మొలిచాయి. అన్నీ కాదు. సగానికి కాస్త ఎక్కువ. అవి కూడా పొట్టిగా ఉన్నాయి. జూలైకి సరిపోతుందని మాట ఇవ్వలేను. సరిపోకపోవచ్చని కూడా రాస్తున్నాను, అరకొర వద్దన్నావు కాబట్టి.

వచ్చే సోమవారం లారీలో వస్తున్నాను. నాలుగు డ్రమ్ములు, గాలి పంపు, జిగురు పట్టిన గులకరాళ్ళు రెండు బస్తాలు. రాళ్ళు తడిగా ఉండాలి. కడగకు. నువ్వు ఎదురొచ్చి లారీ దగ్గరే వాటిని కడిగేస్తావేమోనని రాత్రి కల కూడా వచ్చింది. జూలై దాకా ఉంటాను. నీ నేలతొట్టి పక్కనే రెండోది కడదాం. మేస్త్రి బాబాయిని నేను అడుగుతాను. నేను అడిగితే కాదనడు, నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు కాబట్టి.

"వద్దు అత్తా" అని రాయలేదని కోప్పడ్డావు. ఆ మాట రాశాను. తర్వాత కొట్టేసి, కాగితం మార్చాను. నేను వద్దంటే నువ్వు నా కోసం ఆపేసేదానివి. కింద తోటల వాళ్ళు నీకు ఏమీ కారు. వాళ్ళ కోసం ఆపుతావా అన్నది నాకు తెలియాలనిపించింది. అది తప్పో ఒప్పో తేల్చుకోలేకపోతున్నాను. వచ్చాక తిట్టు.

జగ్గు సంగతి. ఉప్పుతో గీత పోయింది, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఇప్పుడు రోజూ తోముతున్నాను.

నీ గువ్వ

ఇది మరిచిపోయింది కాదు, ఇన్నాళ్ళూ రాయనిది. మా హాస్టల్ బావి ఏటి ఒడ్డునే ఉంది, మీ తూము నీళ్ళు పోయే కాలువ వచ్చి కలిసే ఏరే అది. ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ నేను తాగుతున్నవి ఆ నీళ్ళే.